ద్రాక్షతీగ మీద మట్టి

పోయిన వారం మనం వాసుదేవరావుని పెరటి గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. అతనింకా అక్కడే ఉన్నాడు. భుజాన సంచీ దించలేదు, కాళ్లకి బూట్లు విప్పలేదు. ఏ స్టేషన్లో మాస్టరు సెలవు పెడితే ఆ స్టేషన్‌కి వెళ్లి కూర్చునే రిలీవింగ్ ఉద్యోగం అతనిది. శీతాకాలమంతా పెండ్రా రోడ్డు స్టేషను వైపు డ్యూటీలు తనే అడిగి వేయించుకుని, ఇంటి మొహం చూడకుండా గడిపి, ఆ ఉదయమే హిందీ సీమలోని చరోదా రైల్వే క్వార్టర్‌కి తిరిగొచ్చాడు. మంచినీళ్లయినా తాగకుండా తిన్నగా పెరట్లోకి నడిచాడు. కొడుకు గోపాలం నాటిన ద్రాక్షతీగ చిగురేసిందో లేదో చూడాలని రైల్లో దారంతా అనుకుంటూ వచ్చాడు. చూస్తే పందిరి ఉంది. తీగ లేదు.

గోపాలం పోయి ఏడాది కావస్తోంది. హోలీనాడు స్నేహితులతో రంగులు కడుక్కోవడానికి మరోదా చెరువులో దిగినవాడు మళ్లీ పైకి రాలేదు. వాళ్లకి ఒక్కడే బిడ్డ. ఇంట్లో ఒంటరిగా మిగిలిన తల్లి కనకరత్నానికి తోడుగా ఉండమని, పాలకొండ పక్క పల్లెటూరి నుంచి వాసుదేవరావు అన్నగారి కూతురు ఇందుమతిని పంపించారు. పదహారేళ్ల పిల్ల. ఊళ్లో బడి చదువు అయింది. హిందీ రాదు. వీధిలో పిల్లలు ఏదైనా అడిగితే తలుపు చాటుకి పోతుంది. ఇంట్లో కూడా పిన్ని అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప తనంతట తాను నోరు విప్పింది తక్కువ.

ఇప్పుడు ఆ పిల్ల వంటింటి కిటికీ దగ్గర నిలబడి చిన్నాన్న వీపు చూస్తోంది. ఆ వీపు కదలడం లేదు. యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు మాత్రం ఎప్పటిలాగే వస్తోంది. అతనేం చూస్తున్నాడో ఇందుమతికి తెలుసు. ఖాళీ పందిరి కింద, గోడ వెంట, మనిషి పొడుగున ఒక మట్టిగట్టు ఉంది. చుట్టూ ఇటుకముక్కలు ఏటవాలుగా పాతి ఉన్నాయి. పైన అలికినట్టు నున్నగా ఉంది. కాలవ పక్కనుంచి ఆ మట్టి తట్టల్తో మోసుకొచ్చింది ఇందుమతే.

"తీగేది?" అని అడిగాడు వాసుదేవరావు.

కుళాయి దగ్గర బియ్యం కడుగుతున్న కనకరత్నం తలెత్తలేదు. గిన్నెలో నీళ్లు వంపింది, మళ్లీ పట్టింది. ఆ బియ్యం అప్పటికే రెండుసార్లు కడిగిన బియ్యం.

జవాబు ఆవిడ దగ్గరనుంచి రాలేదు, వరండాలోంచి వచ్చింది. వాసుదేవరావు అప్పగారు పార్వతమ్మ అంతకు కాసేపటి కిందటే కార్ఖానా కాలనీ సెక్టర్ 4 నుంచి రిక్షాలో దిగింది. ఆవిడ భర్త ఉక్కు కార్ఖానాలో ఆఫీసరు. తమ్ముడు వస్తున్నాడని తెలిసి, గోపాలం సంవత్సరీకం సంగతి తేల్చుకుని పోదామని వచ్చింది. కాళ్లు చాపుకుని తమలపాకుకి సున్నం రాసుకుంటూ, తీగ ఏటవుతాది, నరికించీసుంటాది మీ ఆవిడ, అంది. ఆ చెట్టు ఉంటే వాడు గుర్తొస్తాడు కదా, గుర్తులేవీ లేకండా చేసుకుంటే హాయిగా గుడికెళ్లి పాటలు పాడుకోవచ్చు, అని కూడా అంది.

ఇలాంటి మాటలు పార్వతమ్మకి కొత్త కాదు, కనకరత్నానికీ కొత్త కాదు. పాతికేళ్ల కిందట చరోదా యార్డుకి ఉద్యోగానికొచ్చిన తమ్ముడు, ఇంజను డ్రైవరు కూతుర్ని, క్రైస్తవుల పిల్లని, రిజిస్ట్రారు ఎదట పెళ్లాడాడని విన్ననాడు మొదలుపెట్టింది ఆవిడ. ఆ తరవాత కలిసిపోయారు, పండగలకి రాకపోకలు జరిగాయి, ఒకరి ఇంట్లో ఒకరు భోంచేశారు, కానీ ఆ మాటలు మాత్రం మానలేదు. కనకరత్నం వాటిని రైలు చప్పుడులా వినడం నేర్చుకుంది.

వాసుదేవరావు మట్టుకు ఈసారి వినకుండా ఉండలేకపోయాడు. నరికేవా, అని అడిగాడు భార్యని. గొంతు పైకి లేవలేదు. అందుకే ఇందుమతికి భయమేసింది.

ఆ తీగ సంగతి ఇందుమతికి పిన్ని చెప్పగా తెలుసు. గోపాలం కార్ఖానాలో ట్రైనీగా చేరిన కొత్తలో అతన్ని ఒక రష్యా ఇంజనీరు కింద వేశారు. ఆ ఇంజనీరు భార్య పేరు నీనా. గోపాలం ఇంట్లో నీనా గారంటే చరోదా అంతా నీనమ్మ అనేసింది. నల్లసముద్రం ఒడ్డున ఏదో ఊరు ఆవిడది. అక్కడ ప్రతి ఇంటి పెరట్లోనూ ద్రాక్ష ఉంటుందిట, ఏ ఇంటి సారా ఆ ఇంట్లోనే కాస్తారని పార్వతమ్మ అంటే, సారా కాదత్తా, ద్రాక్షారసం, అని గోపాలం దిద్దేవాడుట. వాళ్ల దేశంలో చలి చంపేస్తుంది. మంచు పడకముందే తీగని కత్తిరించి, పందిరి మీంచి దింపి, నేలమీద పడుకోబెట్టి మట్టి కప్పేస్తారు. చలి పోయాక తీసి మళ్లీ కడతారు. నీనమ్మ తన దేశం నుంచి తెచ్చుకున్న తీగలోంచి ఒక ముక్క తడిగుడ్డలో చుట్టి గోపాలానికిచ్చింది. అతను దాన్ని సైకిలు హ్యాండిలుకి కట్టుకుని చరోదాకి తెచ్చాడు.

మూడో ఏట కాసింది. చిన్న కాయలు, నల్లగా, తోలు మందం. తింటే పుల్లన, వగరు. బజారులో తియ్యటి అంగూర్లకి అలవాటుపడ్డ చుట్టుపక్కల పిల్లలు ఉమ్మేశారు. గోపాలం వాటిని కాళ్లు కడుక్కుని తొట్టెలో తొక్కి, పంచదార కలిపి పెద్ద గాజు సీసాలో పోశాడు. నీనమ్మ నేర్పినట్టే, ఎవర్నో బతిమాలి ఆస్పత్రి రబ్బరు చేతి తొడుగొకటి తెచ్చి సీసా మూతికి తగిలించాడు. రసం పులుస్తున్నకొద్దీ ఆ తొడుగు ఉబ్బి, అయిదు వేళ్లూ లేచి, వంటింటి మూల ఎవరో చెయ్యెత్తి నమస్తే చెబుతున్నట్టు నిలబడింది. పక్క క్వార్టరు లక్ష్మీకుమారి రాత్రి అగ్గిపెట్టెకని వచ్చి దాన్ని చూసి కేకేసిందిట. చెయ్యి వాలిపోయిననాడు రసం తయారయిందని లెక్క. ఆ రసం చరోదా క్రైస్తవుల గుడిలో ప్రభువు భోజన సంస్కారపు బల్ల మీద పెట్టారు. రొట్టె ముక్కతో బాటు ఆ గుక్క తాగి కనకరత్నం గుడి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది, సంతోషంతోనే.

మరుసటేడు పువ్వు వచ్చేవేళకి గోపాలం లేడు. కాయలు ఎవరూ కొయ్యలేదు. పిట్టలు తిన్నాయి.

ఈ ఏడు కాస్తే, ఆ రసం వాడి పేరున బల్ల మీద పెట్టిస్తానని కనకరత్నం మొక్కుకుంది. వాసుదేవరావుకి మొక్కులేం లేవు. ఆ తీగ ఆకు వేస్తే చాలు అతనికి. ఆ ఇంట్లో గోపాలం చేత్తో పెట్టింది, ఇంకా ప్రాణంతో ఉన్నది, అదొక్కటే.

"నరకలేదు చిన్నాన్నా," అంది ఇందుమతి.

తను అన్నదని ఆ పిల్లకే ఒక క్షణం తెలియలేదు. వాసుదేవరావు వెనక్కి తిరిగాడు. పార్వతమ్మ సున్నం వేలు గాల్లో ఆపింది. ఆ పిల్ల తనంతట తాను మాట్లాడగా ఆవిడ అంతవరకూ వినలేదు.

"కప్పేం," అంది ఇందుమతి. "ఆ మట్టి కింద ఉంది."

ఇంక ఆపడం చేతకాలేదు ఆ పిల్లకి. గుమ్మం దగ్గరికొచ్చి, నేలకేసి చూస్తూ అంతా చెప్పింది. క్రిస్మసుకి ముందు చలి గట్టిగా పట్టింది. పొద్దున్నే యార్డు సిగ్నళ్లు కనపడనంత పొగమంచు. అప్పుడు పిన్ని కత్తెర తీసుకుని తీగ కత్తిరించింది. పందిరికి కట్టిన తాళ్లన్నీ కోసింది. తీగ వంగనంటే, విరగకుండా ఒకరోజు కొంచెం, మర్నాడు కొంచెం వంచి, వెదురు కొంకుల్తో నేలకి పట్టి ఉంచింది. మీద వరిగడ్డి వేసింది, గోనెలు పరిచింది, తనచేత మట్టి తెప్పించింది. ఆ మట్టిలో రాళ్లుంటే ఏరి పారేసింది. రోజూ సాయంత్రం చెంబుతో నీళ్లు పోసింది.

పార్వతమ్మకి నవ్వొచ్చింది. చలేస్తోందని చెట్టుకి దుప్పటి కప్పినవాళ్లని తనెక్కడా చూడలేదంది. రేపు కాకులక్కూడా స్వెట్టర్లు అల్లుతాది మా మరదలు, అంది.

వాసుదేవరావు నవ్వలేదు. సంచీ దించి గుమ్మానికి ఆనించాడు. "నీళ్లు పోసేవా?" అని భార్యని అడిగాడు. "పడుకున్న తీగకి నీళ్లు పొయ్యకూడదని వాడు చెప్పలేదా?"

కనకరత్నం అప్పుడు మాట్లాడింది. "చెప్పేడు."

"ఇక్కడ కప్పక్కర్లేదని చెప్పలేదా? మంచు పడే దేశంలో తప్ప అక్కర్లేదని?"

"చెప్పేడు. అమ్మా, ఇక్కడ మంచు కురవదమ్మా అని నవ్వేడు."

"మరెందుకు చేసేవు?"

కనకరత్నం బియ్యం గిన్నె కుళాయి గట్టు మీద పెట్టి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంది.

అతను వెళ్లి మూలనున్న పార తెచ్చాడు. బూట్లతోనే మట్టిగట్టు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చివరి వైపు నుంచి తవ్వడం మొదలుపెట్టాడు. కాస్త తవ్వాక పార పక్కన పడేసి చేతుల్తో తీశాడు. తీగకి దెబ్బ తగులుతుందేమో అని. ఇందుమతి వెళ్లి ఎదురుగా కూర్చుని తనూ తీయసాగింది. పైన ఎండు, లోపల తడి. గోనె బూజు పట్టి చేతికొచ్చింది. గడ్డి నల్లగా మురిగిపోయి వాసన కొట్టింది. ఆ వాసన రాగానే ఇందుమతికి తెలిసిపోయింది. వాళ్ల ఊళ్లో వాన నిలిచిన చేలో వంకాయ మొక్కల మొదళ్లు అలాగే కంపు కొట్టేవి. తెలిసినా చెయ్యి ఆపలేదు.

తీగ బయటపడింది. మసిబొగ్గులా ఉంది. వాసుదేవరావు గోటితో గీరాడు. లోపల పచ్చదనం ఉంటుందని. తోలు చేత్తో పట్టుకుంటేనే ఊడి వచ్చింది, లోపల గోధుమరంగు. ఇంకొంచెం ముందుకి గీరాడు. అక్కడా అంతే. కణుపు దగ్గర మొగ్గలుండాల్సిన చోట నలిపితే పొడి రాలింది. మూరెడు తవ్వడం, గీరడం, మళ్లీ మూరెడు తవ్వడం. ప్రతిసారీ అతని మొహం కొంచెం దగ్గరికి వంగుతోంది.

"వాడిదేటి మిగిలింది మనకి?" అన్నాడు చివరికి, తీగతో చెబుతున్నట్టు. "ఇదొక్కటేగా. దీన్ని కూడా చంపీసేవు."

పార్వతమ్మ వరండా దిగి దగ్గరికొచ్చింది. పోనీలే వాసూ, అంది, ఈసారి మెల్లిగానే. ఎలాగూ చచ్చిందాన్ని వేళ్లతో సహా పెకలించి పారేస్తే నయం, సంవత్సరీకానికి బ్రాహ్మడు వచ్చేవేళకి పెరట్లో ఇలాటిది ఉంటే చూడ్డానికి శ్మశానంలా ఉంది, అంది.

ఆ మాటతో కనకరత్నం కదిలింది. కుళాయి దగ్గర్నుంచి వచ్చి, తవ్విన మట్టికి ఇవతల నిలబడింది. ఆవిడ ఏడవడం లేదు. బడిలో పాఠం అప్పజెప్పే పిల్లలా రెండు చేతులూ ముందు కట్టుకుంది.

"నిరుడు ఈ గుమ్మంలో వాణ్ణి పడుకోబెట్టేరు," అంది. "చెవుల వెనక గులాబీరంగు పోలేదు. నేను కడుగుతానంటే వద్దన్నారు. మావాళ్లు గుడి నుంచి పెట్టె తెచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. గుర్తుందాండీ మీకు?"

వాసుదేవరావు తీగ వదిలేశాడు.

గోపాలానికి బాప్తిస్మం అవలేదు. పెళ్లినాడే మొగుడూ పెళ్లాం అనుకున్నమాట అది. పిల్లవాడు పెద్దయ్యాక తనకి తోచినట్టు చేసుకుంటాడు, మనం వాడిమీద రుద్దకూడదని. వాడు ఆదివారం అమ్మని సైకిలెక్కించుకుని గుడికి తీసుకెళ్లేవాడు, చవితినాడు నాన్నతో కూర్చుని పత్రి కట్టలు కట్టేవాడు. ఇరవై రెండేళ్లకి తేల్చుకోవాల్సిన తొందర ఎవరికుంటుంది. ఆ రోజు పార్వతమ్మ ఆ మాటే పట్టుకుంది. బాప్తిస్మం అవనివాడు మీవాడెలగ అవుతాడు అని గుడి పెద్దల్ని అడిగింది. వాళ్లలో వాళ్లు మొహాలు చూసుకున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అందరూ తండ్రికేసి చూశారు. తండ్రి నేలకేసి చూశాడు. మధ్యాహ్నానికి శివనాథ్ నది ఒడ్డున దహనం అంతా అయిపోయింది. పెట్టె ఖాళీగా వెనక్కి వెళ్లింది.

"నేను మిమ్మల్ని గదిలోకి పిలిచి అడిగేను," అంది కనకరత్నం. "పెళ్లయిన దగ్గర్నుంచీ మిమ్మల్నేదీ అడగలేదు, ఇదొక్కటి అడుగుతున్నాను, నా బిడ్డని మట్టి చెయ్యండని. మీరు విన్నారు."

"విన్నాను," అన్నాడు వాసుదేవరావు.

"మా అమ్మని మట్టి చేసేం. మా నాన్నని మట్టి చేసేం. సమాధుల తోటకెళ్లి వాళ్ల పక్కని కూచుంటాను. కబుర్లు చెప్తాను. వాడి దగ్గిర కూచోడానికి నాకెక్కడుంది చెప్పండి? శివనాథ్ గట్టు మీద కూచోనా? మీరు అస్థులు కలిపిన రాజిమ్ రేవులో కూచోనా?"

ఇందుమతి చేతిలో మట్టి చేతిలోనే ఉండిపోయింది. ప్రతి ఆదివారం గుడి నుంచి వచ్చాక పిన్ని పీటేసుకుని ఈ గట్టు పక్కనే కూర్చునేది. బటానీలు ఒలిచేది. పెదాలు కదిలేవి. ప్రార్థన చేసుకుంటోందేమో అనుకుంది ఆ పిల్ల. ఒకసారి ఎండెక్కుతోంది లోపలికి రమ్మంటే, ఉండవే, ఇంకో మాటుంది, అంది. ఏం మాటో అడగలేదు. అడిగే అలవాటు లేకపోయింది తనకి. ఇన్నాళ్లూ తను మోసింది తీగ మీదికి మట్టి అనే అనుకుంది.

"చలి కాదండీ," అంది కనకరత్నం. "చలి కోసం కాదు. వాడు చేత్తో పెంచినదాన్నయినా పడుకోబెట్టి కప్పుకుందామని. కప్పినది మళ్లీ లేస్తాదని నీనమ్మ చెప్పింది కదా వాడికి. నీళ్లు పొయ్యకూడదని తెలుసు. ఊరికే మట్టి చూస్తూ కూచోలేకపోయేను. ఏదో ఒకటి చెయ్యాలి కదా తల్లి చేతుల్తో."

కాలవ అవతలి బస్తీలో హోలీకి నగారా సాధన చేస్తున్నారు. ఎవరో కుర్రాళ్లు హోలీకి పాడే ఫాగ్ పాట ఎత్తుకుని, మధ్యలో తప్పి, నవ్వి, మళ్లీ ఎత్తుకున్నారు. నిరుడు కూడా ఈ రోజుల్లో ఇలాగే వినపడి ఉంటుంది.

వాసుదేవరావు చేతులకంటిన మట్టి చూసుకున్నాడు. తరవాత ఆ చేతుల్తోనే మొహం తుడుచుకున్నాడు. చెంపల మీద చారలు పడ్డాయి. నేను ఆరోజు నోరిప్పవలసింది రత్నం, అని అన్నాడు. అప్పకి జవాబు చెప్పలేక కాదు, ఎవరితోనూ మాటాడే శక్తి లేక ఊరుకున్నాననీ, ఆ ఊరుకున్న పాపానికే ఇల్లు వదిలి స్టేషన్లు పట్టుకుని తిరిగాననీ, రాత్రిపూట ఖాళీ ప్లాట్‌ఫారం మీద లాంతరు పట్టుకు నిలబడితే నువ్వడిగిన మాటే వినపడేదనీ తడుముకుంటూ చెప్పాడు. పార్వతమ్మ అక్కడే ఉన్నా, ఆవిడకేసి చూడకుండా చెప్పాడు. పార్వతమ్మ కూడా మధ్యలో అడ్డుపడలేదు. అది ఆశ్చర్యమే.

చెప్పడం అయ్యాక అతని ఒంట్లోకి కొంచెం ఓపిక వచ్చినట్టయింది. లేచి నిలబడ్డాడు.

"తీగ పోతే పోయింది," అన్నాడు. "వేరు చూద్దాం. వేరు కోసి చూస్తే లోపల తెల్లగా ఉంటే బతికున్నట్టేనని వాడు చెప్పేవాడు. మొదట్లోంచి మళ్లీ లేస్తాది. ఎన్నేళ్లు పట్టినా సరే, కాయిద్దాం. నువ్వనుకున్నట్టే బల్ల మీద పెడుదువుగాని. నేనూ వస్తాను గుడికి."

ఆ మాటకి ఇందుమతికి ఏడుపొచ్చింది. పిన్ని మొహంలో కూడా ఏదో కరుగుతుందని చూసింది. కరగలేదు. అతను పార అందుకుని గట్టు మొదటివైపు, తీగ నేలలోకి దిగేచోటికి నడుస్తుంటే కనకరత్నం మొహం పాలిపోయింది.

"అక్కడొద్దు," అంది.

"వేరు చూడకపోతే ఎలగ తెలుస్తాది?"

"తెలీకపోతే తెలీకపోయింది. వద్దండీ."

అతనికి అర్థం కాలేదు. మెల్లిగానే తవ్వుతాను, ఒక్క పక్క వేరు చూస్తే చాలు, పార తగలనివ్వను, అని పసిపిల్లకి నచ్చజెప్పినట్టు చెప్పాడు. ఇప్పుడు చూడకపోతే ఆ కుళ్లు మొదట్లోకీ దిగుతుంది, ఆ మురిగిన మట్టి తీసేసి పొడిమట్టి వేస్తేనే ఏదైనా ఆశ, ఇంకో పది రోజులు ఆగితే ఎండ ముదిరి అది కూడా ఉండదు, అన్నాడు. అంటూనే పార ఎత్తాడు. కనకరత్నం వచ్చి రెండు చేతులా పార కర్ర పట్టుకుంది. ఇందుమతి పిన్నిని ఎప్పుడూ అంత బలంగా చూడలేదు. కాసేపు ఇద్దరూ ఆ కర్ర పట్టుకుని అలా నిలబడిపోయారు, మొగుడూ పెళ్లాం, మధ్యలో పార.

"అక్కడ వాడున్నాడు," అంది కనకరత్నం.

వాసుదేవరావు చేతులు సడలలేదు. అర్థం కావడానికి వ్యవధి పట్టింది. ముందు భార్యకి మతి చలించిందేమో అన్నట్టు జాలిగా చూశాడు. ఆవిడ కళ్లు తిన్నగా ఉన్నాయి.

"తీగ మొదట్లో జానెడు లోతున పెట్టేను," అందావిడ. "ఇత్తడి గిన్నెలో, తెల్లగుడ్డ చుట్టి. ప్రార్థన నేనే చేసుకున్నాను."

"రత్నం, నేను రాజిమ్ వెళ్లేను. మూడు నదులు కలిసేచోట నడుంలోతు నీళ్లల్లో నిలబడి, ఈ చేతుల్తో వదిలేను. కుండ ఖాళీ చేసి వదిలేను."

"వదిలేరు. అందులో వాడంతా లేడు."

చిన్నాన్న ఏదో కూడబలుక్కుంటున్నట్టు పెదాలు కదిపాడు. శివనాథ్ ఒడ్డున అస్థులు ఏరినచోటికి ఆడవాళ్లు రాలేదు. కుండ గుడ్డతో మూతికట్టి తెచ్చింది తనే. ఇంట్లోకి తేకూడదు గనక, చరోదాలో క్రైస్తవుల వాకిళ్ల మధ్య ఎందుకని, రాజిమ్ బస్సెక్కేదాకా ఆ కుండని వేరేచోట చెట్టుకి కట్టారు. ఆ రాత్రంతా కనకరత్నం ఈ ఇంట్లో, చుట్టాల మధ్య, స్పృహ తెలియకుండా పడి ఉంది. వీధి గుమ్మం కూడా దాటలేదు. మరి.

"నీకెవరిచ్చేరు?" అన్నాడు.

కనకరత్నం పెదాలు బిగించింది. ఆ బిగింపు చూస్తే, చంపినా చెప్పదని తెలుస్తూనే ఉంది. ఎవరికో మాటిచ్చిన మనిషి మొహం అది.

వాసుదేవరావు తల మెల్లిగా తిప్పాడు. ఆ చెట్టు ఏ ఇంటి వెనకదో అతనికి గుర్తొచ్చింది. సెక్టర్ 4లో, మునగచెట్టు. ఇందుమతి కూడా అటే చూసింది.

పార్వతమ్మ వరండా మెట్టు మీద కూలబడి ఉంది. ఎప్పుడు కూర్చుందో ఎవరూ చూడలేదు. చుట్టిన తమలపాకు నోటికి అందకుండానే ఒళ్లో పడి ఉంది. రిక్షా దిగిన దగ్గర్నుంచీ ఆగని నోరు అది. ఇప్పుడు ఆ నోరు వణుకుతోంది. మరదలు గిన్నె ఎక్కడ దాచుకుందో ఆవిడకీ ఈ క్షణందాకా తెలియదని ఆ చూపే చెబుతోంది. వేళ్లతో సహా పెకలించమని తను అన్నమాట ఇంకా పెరట్లోనే ఉంది.

"దాన్నడక్కు వాసూ," అంది. "ఇచ్చింది నేను."

కాలవ అవతల నగారా ఆగింది.

"ఎందుకిచ్చేనో కూడా చెప్తాను. నీకు తెలియనిది ఇంకోటుంది ఈ ఇంట్లో. ముందు ఆ పార కింద పెట్టు."

వాసుదేవరావు పార కింద పెట్టలేదు.